లెక్క ఎక్కడ ఆగిందో ఇంటికి తెలియాలి

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఉపాధ్యాయుల విధులను వివరించే 24వ సెక్షన్‌లో, తల్లిదండ్రులతోనూ సంరక్షకులతోనూ క్రమం తప్పకుండా సమావేశమై, బిడ్డ హాజరు ఎలా ఉన్నదో, నేర్చుకునే శక్తి ఎంతో, చదువులో ఎంతవరకు ముందుకు సాగిందో వారికి తెలియజేయాలని నిర్దేశించింది. ఈ మూడింటిలో హాజరు సంగతి ఇప్పుడు ఇంటికి బాగానే చేరుతోంది; ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలై, తల్లులకు నగదు సాయమిచ్చిన అమ్మఒడి పథకం 75 శాతం హాజరును షరతుగా పెట్టిన తరువాత, బిడ్డ ఎన్ని రోజులు బడికి వెళ్లాడో లెక్కగట్టుకోని తల్లి అరుదైపోయింది. నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి అన్న మిగతా రెండు మాత్రం ఒక మార్కుగానో, ఒక గ్రేడుగానో కుదించుకుపోయి ఇంటికి వస్తున్నాయి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల గణితంలో ఈ కుదింపు పిల్లలకు చేస్తున్న నష్టం చాలా పెద్దది. ఎందుకంటే బిడ్డ ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో మార్కు చెప్పదు, అది తెలియని ఇల్లు ఎంత ఆరాటపడినా చేయగలిగిందేమీ ఉండదు.

ప్రాథమికోన్నత దశగా పిలిచే ఈ మూడు తరగతుల్లో గణితం స్వభావమే మారిపోతుంది. అయిదో తరగతి వరకు చేతివేళ్లకు, చింతగింజలకు అందే కూడికలు, తీసివేతలు, ఎక్కాలు నడిస్తే, ఆరో తరగతిలో భిన్నాలు, దశాంశాలు, సున్నాకు ఎడమవైపు రుణ సంఖ్యలను కూడా కలుపుకొన్న పూర్ణసంఖ్యలు, నిష్పత్తి వస్తాయి. ఏడులో అంకె స్థానంలో అక్షరం నిలిచే సామాన్య సమీకరణాలు, శాతాలు, బారువడ్డీ వస్తాయి. ఎనిమిదికి వచ్చేసరికి భిన్నంగా రాయగలిగే సంఖ్యలన్నింటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చే అకరణీయ సంఖ్యలు, చక్రవడ్డీ, కారణాంక విభజన ముందుకు వస్తాయి. సాంఘికశాస్త్రంలో మొగలుల పాఠం నాడు జ్వరమొచ్చి బడి మానేసిన పిల్లవాడు నదుల పాఠాన్ని నిక్షేపంగా నేర్చుకోగలడు గాని, ఆరో తరగతిలో భిన్నాల దగ్గర తప్పిపోయిన పిల్లవాడికి ఏడులో శాతం, ఎనిమిదిలో అకరణీయ సంఖ్య, తొమ్మిదిలో బీజగణితం వరుసగా మూసుకుపోతూనే ఉంటాయి. 2021 నవంబరులో దేశవ్యాప్తంగా నిర్వహించిన జాతీయ సాధన సర్వేలో గణితపు సగటు సాధన మూడో తరగతిలో 57 శాతం, అయిదులో 44, ఎనిమిదిలో 36, పదిలో 32గా నమోదైంది. ఒక్కో తరగతి పాఠ్యాంశం వేరు కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడంలో కొంత జాగ్రత్త అవసరమే అయినా, పైతరగతికి వెళ్లేకొద్దీ పిల్లలు తమ తరగతి గణితానికి మరింత దూరమవుతున్నారన్న విషయంలో సందేహానికి తావు లేదు. ప్రథమ్ సంస్థ గ్రామీణ ప్రాంతాల్లో చేసే అసర్ సర్వే 2024లో చూసినప్పుడు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగిన ఎనిమిదో తరగతి పిల్లలు సగానికి తక్కువగా, దాదాపు 46 శాతమే ఉన్నారు. భాగహారం మూడు, నాలుగు తరగతుల్లోనే వచ్చి ఉండవలసిన లెక్క.

ఇంత జరుగుతున్నా ఇంటికి ఎందుకు తెలియడం లేదన్నది అసలు ప్రశ్న. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి వరకు ఏ బిడ్డనూ అదే తరగతిలో నిలిపివేయరాదని చెప్పింది. 2019లో సవరణ తెచ్చి, అయిదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టి, అందులో తప్పిన వారిని నిలిపివేసే వెసులుబాటును రాష్ట్రాలకు ఇచ్చారు. పిల్లలను ఫెయిల్ చేసి బడికి దూరం చేయడాన్ని ఆపిన ఆ నిబంధన న్యాయమైనదే, దాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే పాత కాలంలో చదువురాని తల్లికి కూడా బిడ్డ చదువు సంగతి తెలిపిన ఏకైక కబురు, మోటుదే అయినా, ఆ 'తప్పాడు' అన్న మాటే. దాన్ని తొలగించిన వ్యవస్థ, ఆ చోట అంతకంటె మెరుగైన కబురును పెట్టవలసి ఉండగా, దాదాపు ఏమీ పెట్టలేదు. ఫలితంగా ఏటేటా పైతరగతికి వెళ్తున్న బిడ్డను చూసి చదువు సాగుతున్నదని నమ్మిన ఇంటికి, నిజమైన మొదటి వార్త పదో తరగతి ఫలితాల రోజున, అప్పటికి చేయగలిగింది ఏమీ మిగలని వేళలో అందుతోంది.

ప్రగతి పత్రం ఉన్నది కదా అనవచ్చు. నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది చివర ఒకే పరీక్షకు బదులు ఏడాది పొడవునా పిల్లల అభ్యసనాన్ని పలు రీతుల్లో గమనించే పద్ధతి, తెలుగు రాష్ట్రాల బడుల్లోకి వచ్చి దశాబ్దం దాటింది. దానిలో భాగంగా పాఠం సాగుతుండగా జరిపే నిర్మాణాత్మక మూల్యాంకనాన్ని ఎఫ్‌ఏ అని, కొన్ని పాఠాలు ముగిశాక జరిపే సంగ్రహణాత్మక మూల్యాంకనాన్ని ఎస్‌ఏ అని ఉపాధ్యాయులూ పిల్లలూ పిలుస్తారు. గణితంలో సమస్యా సాధన, కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం అనే అయిదు విద్యా ప్రమాణాలను కూడా నిర్దేశించారు. ఇవి ఆలోచించి పెట్టిన ప్రమాణాలు. లెక్క చేయడం ఒక్కటే గణితం కాదని, ఎందుకు అలా చేశావని అడిగితే చెప్పగలగాలని, దాన్ని బొమ్మగానో పట్టికగానో చూపగలగాలని అవి గుర్తుచేస్తాయి. అయినా పత్రం తల్లి చేతికి వచ్చేసరికి 'ఎఫ్‌ఏ-2, గణితం, బి2' అన్న మూడు ముక్కలే మిగులుతాయి, ఆమె సంతకమో వేలిముద్రో పడగానే అది మళ్లీ బడి బీరువాలోకి వెళ్లిపోతుంది. బి2 వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి భిన్నాలు పూర్తిగా వచ్చి రుణ సంఖ్యలు రాకపోవచ్చు, మరొకరికి అన్నీ సగం సగం వచ్చి ఉండవచ్చు. వారికి కావలసిన సాయం పూర్తిగా వేరు, ఇంటికి వెళ్లిన కబురు మాత్రం ఒక్కటే.

ఆ గ్రేడు వెనుక ఏముంటుందో ఒక నోటుపుస్తకపు పేజీని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఆరో తరగతి పుస్తకంలో 1/2 + 1/4 అన్న లెక్కకు 2/6 అని జవాబు రాసి, దానిపై ఎర్ర సిరాతో కొట్టివేత పడి ఉండడం ఏ గణితోపాధ్యాయుడికైనా చిరపరిచితమైన దృశ్యం. పిల్లవాడు లవాలను, అంటే పై అంకెలను ఒకటిగా కూడాడు. హారాలను, అంటే కింది అంకెలను మరొకటిగా కూడాడు. ఇది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు, భిన్నాన్ని ఒకే సంఖ్యగా గాక ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు సంఖ్యలుగా చూడడం వల్ల వచ్చినది. అందువల్ల ఎన్ని ఇంపొజిషన్లు రాయించినా పోదు. అదే పిల్లవాణ్ణి ఇంట్లో వాళ్లమ్మ "అరకిలో కందిపప్పు, పావుకిలో కందిపప్పు కలిస్తే ఎంతరా" అని అడిగితే తడుముకోకుండా ముప్పావు అంటాడు. అర, పావు, ముప్పావు అన్న మాటలు తెలుగువారి వంటింట్లో, సంతలో, పొలంలో నిత్యం తిరిగేవే; వెనుకటి వీధిబళ్లలో పావు ఎక్కం, అర ఎక్కం కూడా వల్లె వేయించేవారు. నోటుపుస్తకంలో వచ్చిన 2/6 అంటే మూడో వంతు, అంటే సగం కంటె తక్కువ. అరకు పావు కలిపితే అర కంటె తక్కువ రావడంలోని అసంబద్ధతను పట్టుకోవడానికి ఆ తల్లికి క.సా.గు. అక్కర లేదు, కనిష్ఠ సామాన్య గుణిజమన్న దాని పూర్తి పేరూ అక్కర లేదు. ఆమెకు కావలసిందల్లా తన బిడ్డ తప్పుతున్నది సరిగ్గా ఇక్కడేనని ఎవరో ఒకరు చెప్పడం.

దశాంశాల సంగతి ఇంకా ఆసక్తికరమైనది, ఎందుకంటే ఇక్కడ ఇంటి లెక్క ఒక రాష్ట్రంలో బడికి తోడు నిలుస్తుంది, మరో రాష్ట్రంలో బడి లెక్కతో తలపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో భూమిని ఎకరాలు, సెంట్లలో లెక్కిస్తారు. ఎకరానికి నూరు సెంట్లు కాబట్టి పట్టాదారు పాసుపుస్తకంలో 2.50 అని ఉంటే రెండున్నర ఎకరాలు, అది అచ్చమైన దశాంశ సంఖ్య. తెలంగాణలో లెక్క ఎకరాలు, గుంటల్లో నడుస్తుంది. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అదే రెండున్నర ఎకరాలను అక్కడ 2.20 అని రాస్తారు. చుక్క ఒకటే గాని దాని అర్థం వేరు. ఎకరా ఇరవై అయిదు గుంటల చెక్కలు రెండున్న రైతు వాటిని కలిపితే మూడెకరాల పది గుంటలని క్షణంలో చెబుతాడు. ఆ రెండు 1.25లను అతని ఏడో తరగతి కూతురు బడిలో నేర్పిన పద్ధతిలో కూడితే 2.50 వస్తుంది. ఇద్దరిలో ఎవరి కూడికా తప్పు కాదు, కాని ఆ చుక్కకు కుడివైపున నూరు భాగాలున్నాయా నలభై భాగాలున్నాయా అన్న ప్రశ్న వారి మధ్య ఎన్నడూ రాకపోతే, బిడ్డ దృష్టిలో నాన్నకు లెక్కలు రావు, నాన్న దృష్టిలో బడి చదువు పనికిరాదు. దశాంశాల పాఠం మొదలయ్యే ముందు ఉపాధ్యాయుడు ఇళ్లకు పంపే ఒక్క మాట ఆ పాసుపుస్తకాన్ని పాఠ్యపుస్తకం పక్కన పెట్టించగలదు. స్థానవిలువ అన్న కఠినమైన భావనకు, అంటే ఒక అంకె విలువ అది నిలిచిన చోటును బట్టి మారుతుందన్న విషయానికి, అంతకంటె మంచి బోధనోపకరణం దొరకడం కష్టం.

వడ్డీ లెక్కలోనూ ఇదే జరుగుతుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకని చెప్పకుండానే అందరికీ తెలుసు. పాఠ్యపుస్తకంలో 2 శాతమంటే ఏడాదికి. పదివేల అప్పుకు ఏడాది వడ్డీ ఊరి లెక్కలో 2,400 రూపాయలు, పుస్తకం లెక్కలో 200 రూపాయలు. అసలు, కాలం, రేటు గుణించి నూరుతో భాగించే సూత్రాన్ని బట్టీపట్టిన పిల్లవాడు ఈ పన్నెండు రెట్ల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక తెల్లబోతాడు. పొదుపు సంఘంలో పుస్తకాలు రాసే తల్లికి ఆ తేడా ఎందుకో స్పష్టంగా తెలుసు. అయినా బిడ్డ తరగతిలో ఈ వారం బారువడ్డీ పాఠం జరుగుతున్నదన్న సంగతి ఆమెకు తెలియదు, తెలియజేసే ఏర్పాటూ లేదు.

దీనికి మాధ్యమం మార్పు తోడైంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టి, ఒక పుట తెలుగులో, ఎదురు పుట ఆంగ్లంలో ఉండే ద్విభాషా పుస్తకాలను ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి పుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. ఏడో తరగతి వరకు తెలుగులో చదివిన తల్లికి క.సా.గు., గ.సా.భా. తెలుసు, బిడ్డ ఇంటికి తెచ్చే ఎల్‌సీఎం, హెచ్‌సీఎఫ్ అవేనని తెలియదు. తనకు తెలిసిన లెక్కే పేరు మార్చుకుని వచ్చేసరికి, తనకు రాని చదువనుకుని ఆమె పక్కకు తప్పుకుంటుంది. మహావీరాచార్యుల గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన పద్యాల్లోకి తెచ్చిన నాటి నుంచీ గణితాన్ని తనలో ఇముడ్చుకున్న భాష, పిల్లల పాఠం గురించి వారి తల్లులతో మాట్లాడవలసి వచ్చినప్పుడు పక్కకు తప్పుకోవలసి రావడం బాధాకరం. పుస్తకంలోని తెలుగు పుట ఉన్నది పరీక్షలో రాయడానికి కాకపోయినా, ఇంట్లో చదివి వినిపించడానికి ఉన్నదని తల్లిదండ్రులకు ఏ బడి అయినా చెబుతున్నదా అన్నది అడగవలసిన ప్రశ్న.

తల్లిదండ్రులకు సమాచారం ఇస్తే పిల్లల చదువు మారుతుందా అన్న దానిపై వివిధ దేశాల్లో జరిగిన పరిశీలనలు ఉత్సాహాన్నీ హెచ్చరికనూ సమానంగా ఇస్తాయి. చిలీ రాజధాని శాంటియాగోలో పేద కుటుంబాల పిల్లలు చదివే బడుల్లో నాలుగు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లల హాజరు, నడవడి, గణితం మార్కులను తల్లిదండ్రుల సెల్‌ఫోన్లకు తరచూ పంపినప్పుడు గణిత ఫలితాలూ హాజరూ కొంత మెరుగుపడ్డాయి. కోవిడ్ కాలంలో బోట్స్‌వానాలో చిన్న తరగతుల పిల్లల ఇళ్లకు వారానికొక గణిత సమస్యను సందేశంగా పంపి, దానితో పాటు ఫోన్ చేసి కొద్దిసేపు మాట్లాడినప్పుడు అభ్యసనం మెరుగుపడగా, సందేశం ఒక్కటే వెళ్లిన ఇళ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మనిషి గొంతు వినబడడంలోనే పని జరిగిందన్నమాట. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో అభిజిత్ బెనర్జీ, రుక్మిణీ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు చేసి 2010లో వెలువరించిన అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. గ్రామ విద్యా కమిటీల గురించి, వాటి అధికారాల గురించి ఊరివాళ్లకు సమావేశాలు పెట్టి తెలియజెప్పినందువల్ల బడిలో గాని చదువులో గాని ఏ కదలికా రాలేదు. పిల్లలకు చదవడం నేర్పే పద్ధతిని ఊళ్లోని యువతకు చేతికిచ్చినప్పుడు మాత్రం ఆ శిబిరాలకు వచ్చిన పిల్లలు ముందుకు సాగారు. హక్కుల గురించిన సమాచారం కంటె, ఏం చేయాలో చెప్పే సమాచారానికే ఫలం దక్కింది.

మలావీలో రెబెకా డైజన్-రాస్ చేసి 2019లో ప్రచురించిన అధ్యయనం వీటన్నింటికంటె ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. అక్కడి తల్లిదండ్రులకు పిల్లల చదువు స్థాయి గురించి ఉన్న అంచనాలు వాస్తవానికి దూరంగా ఉన్నాయని, పేద ఇళ్లలో ఆ దూరం ఎక్కువని తేలింది. సరైన సమాచారం స్పష్టంగా అందించగానే వారు పిల్లల స్థాయికి తగిన పుస్తకాలను ఎంచుకున్నారు. అయితే అదే సమాచారంతో బాగా చదువుతున్న పిల్లలను బడిలో కొనసాగించే మొగ్గు పెరిగి, వెనుకబడిన పిల్లలను కొనసాగించే మొగ్గు తగ్గింది. 'మీ అమ్మాయికి లెక్కలు రావు' అన్న మాట తెలుగు పల్లెలో ఏ ఇంట్లో ఎలా వినబడుతుందో ఊహించడం కష్టం కాదు. ఇంటర్‌లో ఎంపీసీ ఆలోచన అక్కడే ఆగిపోవచ్చు, కొన్ని ఇళ్లలో చదువే ఆగిపోయి పెళ్లి మాట మొదలు కావచ్చు. బిడ్డ మీద తీర్పుగా వెళ్లే సమాచారానికి ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 'మీ అమ్మాయికి కూడిక, తీసివేత, ఎక్కాలు బాగా వచ్చు, రుణ సంఖ్యల తీసివేత దగ్గర ఆగింది, రెండు వారాల సాధనతో అది వస్తుంది' అన్న మాటలో కూడా లోపం ప్రస్తావన ఉన్నది గాని, ఆ లోపానికి హద్దు ఉన్నది, అది తీరే దారి ఉన్నది. హద్దు లేని లోపాన్ని విన్న ఇల్లే బిడ్డపై ఆశ వదులుకుంటుంది.

ఇంటి సాయం ఎప్పుడూ మేలే చేస్తుందనుకోవడం కూడా సరికాదు. గణితమంటే భయపడే తల్లిదండ్రులు ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటిపనిలో తరచూ సాయం చేస్తే ఆ పిల్లలు ఏడాదిలో తక్కువ గణితం నేర్చుకుని, గణితమంటే మరింత భయపడ్డారని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో చూపారు. అందువల్ల తల్లిదండ్రులను ఇంట్లో రెండో ఉపాధ్యాయుడిగా మార్చే ప్రయత్నం చేయకూడదు. సమీకరణం ఎలా సాధించాలో చెప్పవలసింది బడే. ఎలా చేశావో చెప్పమని బిడ్డను అడిగి, తప్పొచ్చినా కసురుకోకుండా చివరిదాకా వినడం ఇల్లు చేయగల పని, అది చదువు రాని నాయనమ్మ కూడా చేయగలదు.

ఇక సమావేశాల సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నింటిలో ఒకే రోజున తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల ఆత్మీయ సమావేశాన్ని జరిపి, ప్రగతి పత్రాలను వారి చేతికిచ్చింది. అంతమంది తల్లులూ తండ్రులూ బడి గడపలోకి రావడం, పిల్లలు వారికి తమ తరగతి గదిని చూపించడం విలువైన ఆరంభమే. అయితే పండుగలా జరిగే రోజున, ప్రసంగాలు, ముగ్గులు, ఆటపాటలు, భోజనాల నడుమ గణితోపాధ్యాయుడు ఒక్కో తల్లితో మాట్లాడగలిగేది ఒకటి రెండు నిమిషాలే. మామూలు సమావేశాలకు వస్తే, పనిదినాన పిలిచినప్పుడు ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లి వరండా చివర నిలబడి, అందరి ముందు బిడ్డ మార్కులు చదువుతుంటే తలవంచుకుని విని వెళ్లడం చాలా బడుల్లో కనిపించేదే. మరుసటి సమావేశానికి ఆమె రాకపోతే 'పేరెంట్స్‌కు శ్రద్ధ లేదు' అన్న మాట ఆమె ఖాతాలో పడుతుంది. చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల చేయూతతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా ఏర్పడ్డాయి. ఈ కమిటీల ఎజెండాలో మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉంటాయి, అవి ఉండవలసినవే. వాటి మినిట్స్ పుస్తకంలో ఎక్కడైనా 'ఏడో తరగతిలో సగం మందికి భిన్నాలు రాలేదు, ఏం చేద్దాం' అన్న వాక్యం ఉంటే ఆ బడి భాగ్యవంతమైనది.

ఉపాధ్యాయుడి వైపు నుంచి చూస్తే ఇది అదనపు భారంగా కనిపించడం సహజం. చట్టానికి అనుబంధంగా ఉన్న షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సామాన్యశాస్త్రం, గణితం రెంటికీ కలిపి కనీసం ఒక ఉపాధ్యాయుడిని, ప్రతి 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడిని నిర్దేశించింది; మూడు తరగతులకు గణితం చెప్పే ఒక్క మనిషి వందమందికి పైగా పిల్లల ఇళ్లకు విడివిడిగా ఉత్తరాలు రాయాలనడం, యాప్‌లలో వివరాలు నింపడంతోనే సగం పొద్దు పోతున్న ఈ రోజుల్లో, న్యాయం కాదు. అదృష్టవశాత్తు పిల్లలు వందమంది ఉన్నా తప్పులు వంద రకాలు ఉండవు. భిన్నాల కూడికలో పైవి పైవి, కిందివి కిందివి కలిపేవారు, హారాలను సమానం చేసి లవాలను మార్చడం మరిచేవారు, మిశ్రమ భిన్నాన్ని విడదీయలేనివారు, పద్ధతి వచ్చినా ఎక్కాలు రాక తప్పేవారు అని నాలుగైదు గుంపులుగా పిల్లలు చీలిపోతారు. స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్దుతున్నప్పుడే ఈ గుంపులు ఉపాధ్యాయుడి కళ్లకు కడతాయి. గుంపుకొక కబురు చొప్పున రెండు వారాలకొకసారి నాలుగు వాయిస్ మెసేజ్‌లు రికార్డు చేసి, ఏది ఏ ఇంటికో అక్కడికి పంపడానికి పట్టేది అరగంట. అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో గాక ఎవరిది వారికే పంపడం ఇందులో తప్పనిసరి, ఎందుకంటే ఒక బిడ్డ లోపం పక్కింటి ముచ్చట కాకూడదు.

ఆ కబురు ఎలా ఉండాలో కూడా స్థూలంగా చెప్పవచ్చు. "అమ్మా, ఈ రెండు వారాలు భిన్నాల కూడిక చెప్పానండి. కింది అంకెలు ఒకటే ఉంటే మీ బాబు బాగా చేస్తున్నాడు, వేరువేరుగా ఉంటే మాత్రం పైవి పైవి, కిందివి కిందివి కలిపేస్తున్నాడు. రోజూ అన్నాలప్పుడు అర, పావు, ముప్పావులతో ఒక్క లెక్క అడగండి, ఎలా చేశాడో చెప్పమనండి. వచ్చే శనివారం మళ్లీ చూస్తాను" అన్నంత చాలు. అందులో ఏం నేర్పారో ఉన్నది, బిడ్డకు ఏం వచ్చో ఉన్నది, ఎక్కడ ఆగాడో ఉన్నది, ఇల్లు చేయగలిగిన చిన్న పని ఉన్నది, మళ్లీ ఎప్పుడు చూస్తారో ఉన్నది. చదువు రాని వారు కూడా విని అర్థం చేసుకునే గొంతులో ఉన్నది. ఇంటి నుంచి బదులు రావడానికి వీలుంటే ఇంకా మేలు, ఎందుకంటే రాత్రి ఫోనులో అడిగితే చెప్పిన పిల్లవాడు తరగతిలో ఎందుకు నోరు విప్పడం లేదో, దుకాణంలో చిల్లర తప్పకుండా లెక్కపెట్టే అమ్మాయి నోటుపుస్తకంలో ఎందుకు తప్పుతున్నదో ఉపాధ్యాయుడికి ఆ బదుళ్ల వల్లనే తెలుస్తుంది.

ప్రైవేటు బడుల పరిస్థితి పైకి వేరుగా కనిపిస్తుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరిట వారం వారం పరీక్షలు, ఆ సాయంత్రానికే తండ్రి ఫోనుకు మార్కులు, ర్యాంకు. ఇరవై ఏడో ర్యాంకు పద్దెనిమిదికి వచ్చిందన్న వార్తలో బిడ్డ నేర్చుకున్నదేమిటో లేదు, ఫీజు కట్టిన తండ్రికి కలిగే ఆందోళన మాత్రం నిండుగా ఉంది; ఆ ఆందోళన ట్యూషన్‌గానో, దెబ్బగానో బిడ్డ మీదికి వస్తుంది. సమాచారం తక్కువైన చోట, ఎక్కువైన చోట పిల్లలకు జరుగుతున్నది ఒక్కటే కావడం గమనించదగ్గది.

ఇక కబురు అందుకోవలసిన పెద్దలు బిడ్డ పక్కన లేని ఇళ్లూ ఉన్నాయి. పాలమూరు నుంచో, ఉత్తరాంధ్ర పల్లెల నుంచో వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉండి చదువుతారు. గురుకులాల్లో చదివే పిల్లల తల్లిదండ్రులు బిడ్డను చూడగలిగేది అనుమతించిన రోజునే. వలస కుటుంబాల్లో ఫోను నంబరు తండ్రిది, ఆ తండ్రి హైదరాబాదులోనో బెంగళూరులోనో భవన నిర్మాణ పనిలో ఉంటాడు, బిడ్డ పక్కన కూర్చునేది అమ్మమ్మ. కబురు ఎవరికి చేరాలన్నది అడ్మిషన్ రిజిస్టరు చూసి తేల్చగల విషయం కాదు, తరగతి ఉపాధ్యాయుడు అడిగి రాసుకోవలసిన విషయం. గురుకులంలో తల్లి టిఫిన్ డబ్బాతో వచ్చి చెట్టు కింద బిడ్డతో కూర్చునే ఆ రెండు గంటల్లో, గణితోపాధ్యాయుడు ఆ చెట్టు దగ్గరికి నడిచి వెళ్లి నోటుపుస్తకం తెరిచి చూపించడం కంటె మంచి సమావేశం ఉండదు.

ఏటా విద్యా సంవత్సరం ఆరంభంలో పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి బేస్‌లైన్ పరీక్ష పెడతారు. ఆరో తరగతిలో చేరిన ప్రతి బిడ్డకూ భాగహారం వచ్చా, స్థానవిలువ తెలుసా, అరకూ పావుకూ తేడా కాగితం మీద చూపగలడా అన్నది ఆ జవాబు పత్రాల్లో వివరంగా ఉంటుంది. వాటిలోని అంకెలు యాప్‌లోకి, అక్కడి నుంచి మండలానికి, జిల్లాకు, రాష్ట్రానికి వెళతాయి. పత్రాలు మాత్రం కట్ట కట్టి స్టాఫ్‌రూం అటక మీదికి చేరతాయి. ఆ కట్ట విప్పి, జులైలో ఒక ఆదివారం పొద్దున, ఎవరి బిడ్డ పత్రం వారి ముందు పరిచి, కుడిపక్కన బిడ్డను కూర్చోబెట్టి, వచ్చిన లెక్కలు ముందు, రానివి తరువాత చూపించడానికి కొత్త జీవో గాని, బడ్జెట్ గాని అవసరం లేదు. 24వ సెక్షన్ 2010 నుంచీ అడుగుతున్నది ఆ పనినే.